రెండు బొమ్మల్లో ఒకే నిమ్మకాయ ఉంటే ఒకటి నకలేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పెన్సిల్వేనియాలో పాత సామాన్ల వేలంలో 19వ శతాబ్దపు జర్మన్-అమెరికన్ చిత్రకారుడు సెవెరిన్ రోసెన్ వేసిందంటూ ఒక పెద్ద పండ్ల పెయింటింగ్ చూశారు. ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే ఒక మ్యూజియంలో ఉన్న ఆయన బొమ్మలో అదే కోసిన నిమ్మకాయ, అదే పిట్టగూడు కనిపించాయి. ద్రాక్షగుత్తి వంపు కూడా అదే. రెండింట్లో ఒకటి నకలేనా, అసలు ఇన్ని పళ్ళు ఒకేసారి ఎదురుగా పెట్టుకుని ఎలా వేశాడు అని అడిగారు. నేను ముప్పై ఏళ్ళుగా ఆయిల్ రంగుల్లో పళ్ళూ పువ్వులూ వేస్తున్నాను. మధ్యలో కొన్నేళ్ళు పాత కాన్వాసులు శుభ్రం చేసే పని కూడా చేశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, కాస్త పొడుగైనా చదవండి.

ముందు సూటిగా జవాబు. రోసెన్ విషయంలో ఒకే నిమ్మకాయ రెండు చోట్ల కనబడటం నకలుకు గుర్తు కాదు. ఆయన బొమ్మలు ఓ పది చూశారంటే ఆ నిమ్మకాయ మిమ్మల్ని పాత చుట్టంలా పలకరిస్తుంది. అలాగని మీరు చూసింది అసలుదేనని కూడా నేను అనడం లేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ఇక ఇన్ని పళ్ళు ఎదురుగా ఎలా పెట్టుకున్నాడంటే, పెట్టుకోలేదు. పెట్టుకోవడం కుదరదు కూడా.

ఒక్కసారి లెక్క వేసుకోండి. పిట్టగూట్లో గుడ్లు ఉండేది వసంతంలో, మహా అయితే వేసవి మొదట్లో. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో స్ట్రాబెర్రీలు జూన్‌లో పండుతాయి, చెర్రీలు జూన్, జులైల్లో. పీచ్ పళ్ళకీ పుచ్చకాయలకీ ఆగస్టు దాకా ఆగాలి. ద్రాక్ష సెప్టెంబరుకు గానీ చేతికి రాదు. నిమ్మకాయలైతే ఆ రోజుల్లో మధ్యధరా తీరం నుంచి ఓడల్లో రావాల్సిందే. రోసెన్ బల్ల మీద మాత్రం ఇవన్నీ ఆ ఉదయమే కోసుకొచ్చినట్టుంటాయి, మంచుబొట్లతో సహా. అలాంటి బల్ల ఆయన ఇంట్లో ఏ రోజూ ఉండి ఉండదు.

ఇది ఆయన కనిపెట్టిన మాయ కాదు. 17వ శతాబ్దంలోనే డచ్ చిత్రకారులు వేర్వేరు నెలల్లో పూసే పువ్వులన్నీ ఒకే కూజాలో పెట్టేవారు. విడివిడిగా గీసుకున్న బొమ్మల్ని తర్వాత ఒకచోట చేర్చేవారు. కొందరు మాత్రం అసలు పువ్వు కోసం పట్టుబట్టేవారు. యాన్ వాన్ హైసుమ్ 1742లో రాసిన ఒక ఉత్తరంలో, కిందటేడు పసుపు గులాబీ దొరకలేదనీ, లేకపోతే బొమ్మ పూర్తయ్యేదనీ చెప్పుకున్నాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆయన పూల చిత్రం మీద 1736, 1737 అని రెండు సంవత్సరాలు వేసి ఉంటాయి. ప్రభువులు కొనేవాళ్ళుంటే గులాబీ కోసం ఏడాది కూర్చోవచ్చు. రోసెన్‌కు ఆ వెసులుబాటు ఎప్పుడూ లేదు.

ఆయన 1816 ప్రాంతంలో రైన్ నది ఒడ్డున బోపార్డ్ అనే ఊళ్ళో పుట్టాడంటారు. మొదట్లో పింగాణీ, ఎనామెల్ సామాను మీద బొమ్మలు వేసేవాడు. 1847లో కొలోన్‌లో ఒక పూల చిత్రం ప్రదర్శనకు పెట్టాడు. మరుసటి ఏడాది, యూరప్ అంతా విప్లవాలతో అట్టుడుకుతున్నప్పుడు, ఎందరో జర్మన్లలాగే ఓడెక్కి న్యూయార్క్‌లో దిగాడు.

ఆ పింగాణీ పని దగ్గర కాసేపు ఆగుదాం, మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. పళ్ళేల మీద గులాబీలు వేసేవాడు ప్రతిసారీ తోటలోకి వెళ్ళి చూసి వెయ్యడు. డజను పళ్ళేల సెట్టు అంటే పన్నెండింటి మీదా ఒకటే గులాబీ రావాలి, లేకపోతే సెట్టు అమ్ముడుపోదు. అందుకని ఆ పనివాళ్ళకు ఒక పద్ధతి ఉంది. కాగితం మీద బొమ్మ గీసి, గీతల వెంట సూదితో బెజ్జాలు పొడుస్తారు. దాన్ని పళ్ళెం మీద పరిచి, గుడ్డలో మూటకట్టిన బొగ్గుపొడితో అద్దుతారు. కింద చుక్కలు పడతాయి. చుక్కలు కలిపి రంగు నింపడమే మిగిలిన పని. కాగితం తిరగేసి పెడితే అదే పువ్వు అద్దంలో చూసినట్టు రెండో పక్కకు తిరుగుతుంది. కొన్నేళ్ళు ఈ పని చేస్తే కాగితం కూడా అక్కర్లేదు, చెయ్యే గుర్తుపెట్టుకుంటుంది.

చీరలకు అద్దకం వేసేవాడు ఊరు వదిలినా అచ్చుల పెట్టె వదలడు కదా. రోసెన్ అమెరికాకు తెచ్చుకున్న ఆస్తి అదేనని నా అభిప్రాయం. డబ్బు లేదు, భాష కొత్త, తెలిసినవాళ్ళు తక్కువ. ఒక నిమ్మకాయ, ఒక గూడు, మూడు నాలుగు రకాల ద్రాక్షగుత్తులు, పొడవాటి గాజు గ్లాసు, రెండంతస్తుల పాలరాతి అరుగు, ఇవి మాత్రం చేతిలో ఉన్నాయి. వీటిని అటూ ఇటూ జరుపుతూ పాతికేళ్ళు బతికాడు. ఇప్పటివరకు ఆయనవిగా గుర్తించిన బొమ్మలు 300 పైచిలుకు. వాటిలో తేదీ వేసినవి రెండు డజన్లకు అటూ ఇటూగా ఉంటాయి, అంతే. అందుకే ఏది ముందు, ఏది వెనక అని తేల్చడానికి చరిత్రకారులు ఇప్పటికీ తల పట్టుకుంటారు.

నేను ఒకసారి సరదాకి ఒక పని చేశాను. ఆయన రెండు బొమ్మల ఫొటోల్ని ద్రాక్షగుత్తి ఒకే సైజులో వచ్చేలా ప్రింట్ తీయించి, ఒకదాని మీద ట్రేసింగ్ కాగితం పెట్టి గుత్తి గీసి, రెండోదాని మీద పరిచి చూశాను. బయటి గీత దాదాపు సరిపోయింది. రంగులు మాత్రం సరిపోలేదు. ఒకదాంట్లో ముదురు ఊదా, ఇంకోదాంట్లో లేత ఆకుపచ్చ. వెలుగు పడిన గింజలు కూడా వేరు. అంటే చట్రం పాతదే, వేసిన ప్రతిసారీ మళ్ళీ శ్రద్ధగా వేశాడు. బద్ధకస్తుడు అలా చెయ్యడు. మీరు చూసిన రెండు బొమ్మల్నీ ఇలా పోల్చి చూడండి. గీత, రంగు, వెలుగు మూడూ అచ్చుగుద్దినట్టు ఉంటేనే అనుమానించాలి.

ఇంతకీ ఆ బొమ్మలు ఎవరు కొన్నారు? న్యూయార్క్‌లో మొదట ఆయన్ను ఆదుకున్నది అమెరికన్ ఆర్ట్ యూనియన్ అనే సంస్థ. ఏడాదికి 5 డాలర్లు కట్టిన సభ్యులకు ఒక ముద్రిత చిత్రం ఇచ్చి, ఏడాది చివర్లో అసలు పెయింటింగులు లాటరీ తీసి పంచేవారు. రోసెన్ బొమ్మలు అక్కడ 1848 నుంచి కనిపిస్తాయి. కొత్తగా వచ్చిన వలసదారుకు అది మంచి ఆసరా. కానీ ఇది చట్టవిరుద్ధమైన లాటరీ అని 1852లో కోర్టు తేల్చేయడంతో సంస్థ మూతపడింది. 1857లో, బ్యాంకులు కుప్పకూలి దేశమంతా ఆర్థిక సంక్షోభంలో ఉన్న ఏడాది, రోసెన్ భార్యాపిల్లల్ని న్యూయార్క్‌లోనే వదిలేసి పెన్సిల్వేనియా వైపు వెళ్ళిపోయాడు. ఈ విషయంలో ఆయన్ను వెనకేసుకురావడం నా వల్ల కాదు.

హారిస్‌బర్గ్, హంటింగ్‌డన్ తిరిగి, చివరికి 1860ల మొదట్లో విలియమ్స్‌పోర్ట్ చేరాడు. మీరు వేలం చూసింది పెన్సిల్వేనియాలో కాబట్టి ఈ ఊరి గురించి తెలుసుకోవడం మీకు పనికొస్తుంది. సస్క్వెహానా నది పశ్చిమ శాఖ మీద ఉన్న ఈ ఊరికి అడవుల నుంచి దుంగలు నీళ్ళలో కొట్టుకొచ్చేవి. నదికి అడ్డంగా ఒక కట్టడం కట్టి వాటిని ఆపి, రంపపు మిల్లులకు పంపేవారు. కలప డబ్బుతో లక్షాధికారులైనవాళ్ళు పెద్ద పెద్ద ఇళ్ళు కట్టుకున్నారు. ఒక వీధికి మిలియనీర్స్ రో అనే పేరే వచ్చింది. పెద్ద ఇల్లంటే పెద్ద భోజనాల గది, దానికి పెద్ద గోడ ఉండాలి. ఆ గోడకు రోసెన్ పళ్ళు సరిగ్గా సరిపోయాయి. ఊళ్ళో జర్మన్లు కూడా బాగానే ఉండేవారు. బీరుకు బదులుగా బొమ్మలు ఇచ్చేవాడని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, సారా కొట్ల గోడల మీద కూడా ఆయన బొమ్మలు వేలాడిన మాట వాస్తవం. ఆ ఊళ్ళోని టేబర్ మ్యూజియంలో ఆయన చిత్రాలు ఉన్నాయి. వీలైతే మీ వేలం బొమ్మ గురించి నిర్ణయం తీసుకునే ముందు ఒకసారి వెళ్ళి చూడండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోనూ, వైట్‌హౌస్ సేకరణలోనూ ఆయన పనులున్నాయి. అవి బాగా పెద్ద ఎత్తున వేసినవి. వాటితో పోలిస్తే మామూలు సైజు బొమ్మ వెలవెలబోతుంది. టేబర్‌లో చూస్తేనే సరైన పోలిక దొరుకుతుంది.

ఇక పనితనం. డచ్ పండ్ల బొమ్మల్లో ఒక పీచ్ మీద మచ్చ ఉంటుంది, ఆకుకు పురుగు పట్టి ఉంటుంది, ఎక్కడో ఒక ఈగ వాలుతుంది. ఇవన్నీ పోయేవే అని కొనేవాడికి గుర్తుచేయడం అందులో ఉంది. రోసెన్ దగ్గర ఆ గోల దాదాపు లేదు. పళ్ళు మగ్గి ఉంటాయి, పుచ్చకాయ కోసి ఉంటుంది, ద్రాక్ష అరుగు అంచు మీంచి కిందికి జారుతుంటుంది. కలప వ్యాపారి తన భోజనాల గదిలో చావును గుర్తుచేసే ఈగ కావాలని డబ్బివ్వడు కదా! నా మటుకు నాకు, ఆయన బొమ్మల్లో గాలి ఆడదు, అంగుళం కూడా ఖాళీ వదలడు. పుచ్చకాయ ముక్క చాలాసార్లు ఎర్ర అట్టలా ఉంటుంది. కానీ ద్రాక్ష దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి వేరు.

మీరు కూడా పెయింట్ చేస్తానన్నారు కాబట్టి ద్రాక్ష సంగతి వివరంగా చెప్తాను. కొత్తగా వేసేవాళ్ళు ద్రాక్షగింజను బంతిలా వేస్తారు. వెలుగు పడే పక్క తెలుపు, అవతలి పక్క నలుపు. అలా వేస్తే అది గోలీ అవుతుంది. ద్రాక్షలోంచి వెలుగు కొంత లోపలికి పోతుంది. కాబట్టి వెలుగు ఎడమ నుంచి పడితే, ఎడమ పక్క చిన్న మెరుపుచుక్క, దాని చుట్టూ కాస్త ముదురు రంగు, ఎదురుగా కుడి అంచు లోపల మెత్తటి కాంతి వస్తుంది. మంచుబొట్టుకూ ఇదే సూత్రం. వెలుగు వచ్చే వైపే బొట్టు లోపల చీకటిగా ఉంటుంది, అవతలి వైపు వెలుగుతుంది. మెరుపుచుక్క మాత్రం చీకటి వైపే. ఆయన బొమ్మలో ఒక బొట్టును భూతద్దంతో చూస్తే రెండో మూడో కుంచె దెబ్బలు తప్ప ఏమీ ఉండవు.

గింజ అసలు రంగు పూర్తిగా ఆరాక, పైన నూనె కలిపిన పారదర్శకమైన రంగు పలచగా పూస్తారు. దాన్నే గ్లేజింగ్ అంటాం. లోతు దాంతోనే వస్తుంది. అన్నిటికన్నా చివర, ద్రాక్ష తొక్క మీద మైనంలా ఉండే ఆ బూడిదనీలం పొర. తెలుపులో కొంచెం నీలం కలిపి, కుంచె దాదాపు పొడిగా ఉన్నప్పుడు, తాకీ తాకనట్టు లాగాలి. కొన్ని గింజల మీద ఆ పొర వేలితో తుడిచినట్టు పోయి, కింద రంగు నిగనిగలాడాలి. గుత్తి మొత్తానికి ఒకేలా పూస్తే బూజు పట్టినట్టుంటుంది. నా విద్యార్థుల్లో పది మందిలో ఎనిమిది మంది ఇక్కడే దెబ్బతింటారు.

ఈ పొర గురించి ఇంత చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మీరు చూసిన బొమ్మలో ద్రాక్ష "ప్లాస్టిక్‌లా" ఉందని రాశారు, అందుకే నకలని అనుమానం వచ్చిందన్నారు. తొందరపడకండి. పాత వార్నిష్ చెట్ల బంక నుంచి చేసింది, ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. నీలి ద్రాక్ష ఆకుపచ్చగా, తెల్లటి పాలరాయి తేనెరంగులో కనబడతాయి. ఆ వార్నిష్ తీసేటప్పుడు అనుభవం లేనివాడు ఘాటైన ద్రావకం వాడితే వార్నిష్‌తో పాటు ఊడిపోయేవి పైపైన ఉన్న పలచటి పొరలే. ముందు బూడిదనీలం పోతుంది, తర్వాత గ్లేజు, తర్వాత మంచుబొట్లు. మిగిలేది ప్లాస్టిక్ ద్రాక్షే. ఒకసారి నా దగ్గరికి వచ్చిన పాత పండ్ల బొమ్మను ఎవరో ఉల్లిపాయ ముక్కతో రుద్ది శుభ్రం చేశారు, ఎక్కడో చదివారట. పీచ్ నూగు మొత్తం పోయింది. పోయినదాన్ని మేం తిరిగి తేలేకపోయాం. కాబట్టి ద్రాక్ష గోలీల్లా ఉన్నంత మాత్రాన బొమ్మ నకలు కానక్కర్లేదు, దాన్ని తోమేసి ఉండొచ్చు. ధర విషయంలో మాత్రం దానికి తేడా చాలా ఉంటుంది, అది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలా కాదా అన్నది. సంతకం వెతకండి. రోసెన్ చాలా బొమ్మల్లో ద్రాక్షతీగ నులితీగ చుట్టలు తిరుగుతూ తిరుగుతూ ఆయన పేరైపోతుంది. ఎక్కువగా కింద కుడి మూల చుట్టుపక్కల ఉంటుంది. దూరం నుంచి చూస్తే తీగే అనుకుంటాం. సంతకం లేని బొమ్మలు కూడా చాలానే ఉన్నాయి కాబట్టి కనబడకపోతే కంగారు అక్కర్లేదు. ఉన్న సంతకం వార్నిష్ మీద తేలుతున్నట్టుంటే మాత్రం అనుమానించండి. సంతకం రంగులో కలిసి ఆరి, దానితోపాటే పగుళ్ళు తేలాలి. పగుళ్ళలోకి సంతకం రంగు దిగి ఉంటే అది తర్వాత పెట్టింది.

రెండోది, ఆయనలా వేసినవాళ్ళు ఉన్నారు. న్యూయార్క్‌లో పాల్ లాక్రువా అనే చిత్రకారుడి మీద రోసెన్ ప్రభావం స్పష్టంగా కనబడుతుంది. విలియమ్స్‌పోర్ట్‌లో రోసెన్ పాఠాలు కూడా చెప్పాడు. శిష్యుడు గురువు నిమ్మకాయే వేస్తాడు, ఇంకేం వేస్తాడు! ఇలాంటివి మోసపు బొమ్మలు కావు, పేరు తప్పు అంతే. కానీ వేలంవాళ్ళకు పెద్ద పేరు మీదే మోజు. కేటలాగులో "రోసెన్ వేసినది" అని ఉందా, "రోసెన్‌దిగా చెప్పబడుతున్నది" అని ఉందా, "రోసెన్ శైలిలో" అని ఉందా చూడండి. ఈ మూడు మాటల మధ్య వేల డాలర్ల దూరం ఉంటుంది.

మూడోది ల్యాబు పని. టైటానియం తెలుపు అనే తెల్లరంగు బజారులోకి వచ్చింది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే అనుకోవచ్చు. అసలు రంగు పొరలో అది దొరికితే బొమ్మ రోసెన్‌ది కాదు, వాదన అనవసరం. తర్వాత ఎవరో మరమ్మతు చేసిన చోట దొరికితే మాత్రం ఏమీ తేలదు. అందుకే నమూనా ఎక్కణ్ణుంచి తీశారో అడగాలి. ఇంకో చిన్న పరీక్ష మీరే చేయవచ్చు. భూతద్దం పెట్టినప్పుడు రంగు చిన్న చిన్న చుక్కలుగా విడిపోతే అది పెయింటింగే కాదు, పాత రంగుల ముద్రణ. అమెరికా అంతర్యుద్ధం తర్వాత రంగుల లిథో ముద్రణ, అంటే రాతిపలక మీంచి అచ్చువేయడం, విపరీతంగా పెరిగింది. బోస్టన్‌లో లూయీ ప్రాంగ్, ఆయనా జర్మన్ మాట్లాడే ప్రాంతం నుంచి 1850లో వచ్చినవాడే, ఇలాంటి చిత్రాలు వేలకు వేలు అచ్చువేసి ఇంటింటికీ చేర్చాడు. కొన్నింటిని కాన్వాస్ నేతలా కనబడేట్టు చేసి, వార్నిష్ కూడా పూసి అమ్మేవారు. ఫ్రేములో చూస్తే నాలాంటివాళ్ళు కూడా ఒక్క క్షణం తడబడతారు. చేత్తో వేసే పండ్ల బొమ్మల గిరాకీకి అవి గండి కొట్టాయనే నేను అనుకుంటాను.

రోసెన్ తేదీ వేసిన చివరి బొమ్మ 1872 నాటిది. తర్వాత ఆయన ఏమయ్యాడో చెప్పే కాగితం ఏదీ లేదు, సమాధి కూడా లేదు. కాబట్టి మీ వేలం బొమ్మ మీద 1875 అనో 1880 అనో ఉంటే ముందు దాన్ని అనుమానించండి.

మీరు బొమ్మ ముందు వైపు ఫొటో ఒక్కటే పెట్టారు, దాంతో నేను ఇంతకన్నా చెప్పలేను. వేలంవాళ్ళను అడిగి ఇంకో మూడు ఫొటోలు తీసుకోండి. ఒకటి వెనక వైపు మొత్తం, చెక్క చట్రమూ మేకులూ కనబడేట్టు. రెండోది కింద కుడి మూల, పక్క నుంచి టార్చిలైటు వేసి, దగ్గరగా. మూడోది ద్రాక్షగుత్తి, ఫ్లాష్ లేకుండా పగటి వెలుగులో. కాన్వాస్ వెనక రెండో గుడ్డ అంటించి ఉంటే దాన్ని కదపనివ్వకండి, అంచు మాత్రం ఫొటో తీయమనండి.